ప్రైవేటు యూనివర్సిటీ బీటెక్: ఫ్లెక్సీ మీది ప్యాకేజీ, ఇంటి మీది అప్పు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి కూకట్‌పల్లి మెట్రో పిల్లర్ల దాకా ఎటు చూసినా ప్రైవేటు యూనివర్సిటీల ఫ్లెక్సీలే. సూటు వేసుకున్న నలుగురు పిల్లలు, ఒక్కొక్కరి కింద 44 లక్షలు, 52 లక్షలు అని పెద్ద పెద్ద అంకెలు, పక్కన కంపెనీల లోగోలు. ఆ నలుగురికీ ఆ ఉద్యోగాలు నిజంగానే వచ్చుంటాయి, అందులో నాకు పెద్ద అనుమానం లేదు. కానీ ఆ బ్యాచ్‌లో చేరింది రెండు వేల పైచిలుకు మంది అయితే మిగతావాళ్లు ఏమయ్యారు, వాళ్లకి నెలకి చేతికి ఎంత వస్తోంది, వాళ్ల నాన్న తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎవరు కడుతున్నారు? ఇవి ఫ్లెక్సీలో ఉండవు, బ్రోచర్‌లో ఉండవు. అడ్మిషన్ల కౌంటర్‌లో అడిగితే "మాకు నైంటీ ఫైవ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్స్ సర్" అన్న జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఈ సమాచారం మన దేశంలో మూడు వేర్వేరు బీరువాల్లో ఉంది. ఎందరికి ఉద్యోగం వచ్చిందన్నది యూనివర్సిటీ దగ్గర, నిజంగా ఎంత జీతం అందుతోందన్నది ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ ఆఫీసుల దగ్గర, అప్పు ఎంతన్నది బ్యాంకు దగ్గర. మూడూ కలిపి, ఫలానా యూనివర్సిటీలో ఫలానా బ్రాంచి చదివిన మామూలు పిల్లాడు ఇంత అప్పుతో బయటికొచ్చి ఇంత సంపాదిస్తున్నాడు అని చెప్పేవాళ్లు లేరు. కాబట్టి సీటు తీసుకునే ముందు ఇంట్లోవాళ్లే కాగితం ముందేసుకుని కలుపుకోవాలి. కష్టమేమీ కాదు, కాకపోతే ఏ అంకెని ఎక్కడ వెతకాలో, ఏ అంకెని నమ్మకూడదో తెలియాలి.

హయ్యెస్ట్, యావరేజ్, మీడియన్

హయ్యెస్ట్ ప్యాకేజీ గురించి మాట్లాడుకోవడం దండగ, అది ఒక్కడి కథ. యావరేజ్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పదిమంది ఉన్నారనుకోండి, తొమ్మిది మందికి మూడున్నర లక్షలు, ఒక్కడికి 50 లక్షలు. యావరేజ్ 8.15 లక్షలు వస్తుంది, బ్రోచర్‌లో అదే వేస్తారు. ఎనిమిది లక్షలు తెచ్చుకున్నవాడు మాత్రం ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. అదే జీతాలన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నవాడిది చూస్తే మూడున్నర. ఆ మధ్యవాడి అంకెనే మీడియన్ అంటారు. మీ అబ్బాయో అమ్మాయో టాపరూ కాక, మరీ వెనకబడిన స్టూడెంటూ కాక మామూలుగా చదివేవాళ్లైతే మీకు పనికొచ్చేది ఇదొక్కటే.

మంచి విషయమేమిటంటే మీడియన్ దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఏటా ఇచ్చే ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం పోటీపడే ప్రతి విద్యాసంస్థా ఒక డేటా షీటు సమర్పించాలి, దాన్ని తన వెబ్‌సైటులో కూడా పెట్టాలి. ర్యాంకు వచ్చినవాళ్లు ర్యాంకు గురించి డప్పు కొడతారు గానీ ఆ షీటు మాత్రం వెబ్‌సైటు అడుగున ఏదో మూల చిన్న లింకుగా ఉంటుంది. అందులో ప్లేస్‌మెంట్, హయ్యర్ స్టడీస్ అని ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో వరస: మొదటి ఏడాది సీట్లెన్ని, చేరినవాళ్లెందరు, లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలోకి) వచ్చినవాళ్లెందరు, నాలుగేళ్లలోనే పాసై బయటికొచ్చినవాళ్లెందరు, ఉద్యోగం వచ్చినవాళ్లెందరు, వాళ్ల మీడియన్ జీతం ఎంత, పై చదువులకి వెళ్లినవాళ్లెందరు. ఇది కూడా యూనివర్సిటీ తనంతట తాను రాసిచ్చేదే, అందుకే కళ్లు మూసుకుని నమ్మమని నేననను. కానీ ఫ్లెక్సీ కంటే వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే ఇక్కడ అన్ని అంకెలూ ఒకే వరసలో ఉంటాయి, ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

ఆ ఒక్క వరసని ఎలా చదవాలి

లెక్క కోసం ఊహించుకున్న ఒక యూనివర్సిటీని తీసుకుందాం, ఇది ఏ నిజమైన సంస్థదీ కాదు. చేరినవాళ్లు 2,400. నాలుగేళ్లలో పాసైనవాళ్లు 1,900. ఉద్యోగం వచ్చినవాళ్లు 1,250. మీడియన్ జీతం నాలుగున్నర లక్షలు. పై చదువులకి 200.

నాలుగున్నర లక్షలంటే సగంమందికి అంతకంటే ఎక్కువ వస్తోంది కదా అనిపిస్తుంది. సగమే, కానీ ఎవరిలో సగం? ఉద్యోగం వచ్చిన 1,250 మందిలో. అంటే నాలుగున్నరకి తగ్గకుండా వచ్చింది సుమారు 625 మందికి, చేరిన 2,400 మందిలో అది 26 శాతం. నలుగురిలో ఒక్కడు. ఇప్పుడు చేరినవాళ్లందరినీ వరసలో నిలబెట్టండి. 2,400 మందిలో మధ్యవాడంటే 1,200వ వాడు. ఉద్యోగాలున్నవి 1,250 మందికి. కాబట్టి అసలు మధ్యవాడు ఉద్యోగాల జాబితాలో దాదాపు చివర్న ఉన్నాడు, అంటే వాడికి వచ్చింది సర్వీస్ కంపెనీ ఇచ్చే కనీస ప్యాకేజీ. పై చదువులకి వెళ్లిన 200 మందిని పక్కన పెట్టి లెక్కేసినా వాడి చోటు 1,100 దగ్గరికి జరుగుతుంది, అంతే. టీసీఎస్‌లో కింది స్థాయి ఫ్రెషర్ కొలువైన నింజా ప్యాకేజీ 3.36 లక్షలు, ఇన్ఫోసిస్ మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ 3.6 లక్షలు. ఈ కనీసం మూడు, మూడున్నర లక్షల దగ్గర ఆగిపోయి పదిహేనేళ్లయినట్టుంది, ఫీజులు మాత్రం ఎక్కడా ఆగలేదు.

మరి ఆ 95 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? భాగహారంలో కింద వేసే అంకె మార్చడం వల్ల. చేరిన 2,400ని కాకుండా "ప్లేస్‌మెంట్‌కి అర్హులై, రిజిస్టర్ చేసుకున్నవాళ్లు" అని 1,320 మందిని కింద వేస్తే 1,250 వెంటనే 95 శాతం అయిపోతుంది. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు, 60 శాతం దాటనివాళ్లు, ఎక్కడో అటెండెన్స్ తగ్గి క్యాంపస్ ఇంటర్వ్యూలకి డిబార్ అయినవాళ్లు, వీళ్లెవరూ లెక్కలోకే రారు. వాళ్ల దగ్గర కూడా నాలుగేళ్ల ఫీజు పూర్తిగా వసూలు చేసిన సంగతి గుర్తుంచుకోండి. ఇంకో మాయ ఆఫర్ల లెక్క. "2,100 ఆఫర్లు" అంటే 2,100 మంది కాదు, ఒకే అమ్మాయికి మూడు కంపెనీల్లో వస్తే మూడు ఆఫర్లు.

ఆఫర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టూ కాదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లని మూడున్నరకి చేరతారా అని అడిగింది. ఆన్‌బోర్డింగ్ తేదీ కోసం నెలల తరబడి మెయిల్ చూసుకుంటూ కూర్చున్న 2022 బ్యాచ్ పిల్లలు మన ఊళ్లలో బోలెడంతమంది. యూనివర్సిటీ లెక్కలో వాళ్లంతా ఎప్పుడో ప్లేస్ అయిపోయారు.

ఆరున్నర లక్షల ఆఫర్ లెటర్

ఇప్పుడు ఆఫర్ లెటర్ వెనక పేజీ చూద్దాం, ముందు పేజీ అందరూ వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు కాబట్టి. ఆరున్నర లక్షల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అనుకుందాం, ఇదీ లెక్క కోసమే, కానీ ఇలాంటి విడగొట్టుడే మామూలుగా కనిపిస్తుంది. బేసిక్, హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్ అన్నీ కలిపి నెలకి 36,000, ఏడాదికి 4,32,000. వేరియబుల్ పే 53,000, కంపెనీ బాగుంటే, మేనేజర్ రేటింగ్ బాగుంటే. రెండో ఏడాది పూర్తయ్యాక ఇచ్చే రిటెన్షన్ బోనస్ 75,000. జాయినింగ్ బోనస్ 50,000, మధ్యలో మానేస్తే వెనక్కి కట్టాలి. కంపెనీ వాటా పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ 10,400. ఇన్సూరెన్స్ ప్రీమియం 8,000. కూడితే సరిగ్గా 6,50,000.

ఆరున్నర లక్షల్ని పన్నెండుతో భాగిస్తే 54 వేలు. చేతికి వచ్చేది మాత్రం 36,000లో ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా 34,000. అమ్మానాన్నలు 54 అనుకుని ఉంటారు, పిల్లాడు 34 తెస్తాడు, మిగతా 20 వేలు వాడేదో తగలేస్తున్నాడని ఇంట్లో గొడవ. ఇది సరదాకి రాయడం లేదు, ఇలాంటి పంచాయితీలు చాలా ఇళ్లలో అవుతున్నాయి. అదే 3.36 లక్షల ప్యాకేజీ అయితే చేతికి వచ్చేది పాతికవేల లోపే.

అప్పు వైపు లెక్క

నాలుగేళ్ల బీటెక్‌కి పది లక్షల ఎడ్యుకేషన్ లోన్ అనుకుందాం. ఫీజులో కొంత, హాస్టల్‌లో కొంత, చాలా ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇది పూర్తి ఖర్చుకి సరిపోదు కూడా. బ్యాంకు ఒకేసారి పది లక్షలూ ఇవ్వదు, ఏటా రెండున్నర చొప్పున కాలేజీకి కడుతుంది. వడ్డీ 11 శాతం. కోర్సు నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు, దీన్నే మారటోరియం అంటారు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని చాలామంది అనుకుంటారు. పడుతుంది. బ్యాంకు ఈ కాలంలో బారువడ్డీ మాత్రమే వేసినా, మొదటి రెండున్నర మీద ఐదేళ్లకి 1,37,500, రెండోదాని మీద నాలుగేళ్లకి 1,10,000, మూడోదాని మీద 82,500, నాలుగోదాని మీద 55,000. మొత్తం 3,85,000. మొదటి కిస్తీ కట్టే రోజుకి పది లక్షల అప్పు 13,85,000 అయి కూర్చుంటుంది.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ సుమారు 19,000. పదిహేనేళ్లకి పెట్టుకుంటే సుమారు 15,700, కానీ అప్పుడు మొత్తం కట్టేది 28 లక్షలు దాటుతుంది. పై ఆఫర్ లెటర్ పిల్లాడి 34,000లో 19,000 తీసేయండి. మిగిలింది 15,000. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పీజీ హాస్టల్‌కి ఎనిమిది తొమ్మిది వేలు. మిగతా ఆరేడు వేలతో బస్సు, ఫోను, బట్టలు, జ్వరమొస్తే డాక్టరు. ఇక ఇంటికి పంపేదేముంటుంది? చేరినవాళ్లందరిలో అసలు మధ్యవాడిదైతే పాతికవేల జీతంలో ఈఎంఐ పోగా హాస్టల్ కూడా రాదు, కిస్తీ మళ్లీ నాన్నే కట్టాలి. లోన్‌లో కో-అప్లికెంట్ ఆయనే కాబట్టి కట్టకపోతే సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడిపోతుంది.

చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఈ భారం బాగా తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకి 2,300, నాలుగో ఏడాదికి అది 9,200 దాకా పెరుగుతుంది. అలా కట్టినవాళ్లకి చివర్న అప్పు పది లక్షలే ఉంటుంది, పదేళ్ల ఈఎంఐ 13,800 చాలు. కట్టగలిగిన స్తోమత ఉండి కూడా "తర్వాత వాడే చూసుకుంటాడులే" అని వదిలేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు ఉందిగా అంటారు, 80ఇ సెక్షన్. అది పాత ట్యాక్స్ పద్ధతిలోనే దొరుకుతుంది, పైగా నాలుగు లక్షల జీతగాడు ఎలాగూ ట్యాక్స్ పరిధిలోకి రాడు కాబట్టి అతనికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇదంతా బ్యాంకు అప్పు దొరికినవాళ్ల సంగతి. మన దగ్గర చదువు అప్పులో పెద్ద భాగం బ్యాంకు పుస్తకాల్లోకే ఎక్కదు. ఏడున్నర లక్షల దాకా బ్యాంకులు తాకట్టు లేకుండా ఇవ్వచ్చు, అది దాటితే మామూలుగా ఆస్తి అడుగుతాయి. రైతు దగ్గర ఉన్న ఆస్తి పొలం. అప్పు ఎగవేస్తే బ్యాంకులు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని పొలం కాగితాలు తీసుకెళ్తే మేనేజర్ ఇల్లుందా, ప్లాటుందా అని అడుగుతాడు. లేదంటే ఇక ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం. రెండున్నర లక్షలకి నెలకి ఐదు వేలు వడ్డీయే, మారటోరియం అనే మాటే లేదు. ఆపైన అమ్మ బంగారం గోల్డ్ లోన్‌లో, చీటీ ముందే పాడేసుకోవడం, చివరికి అరెకరం అమ్మడం. ఇంట్లో కూర్చుని లెక్కేసేటప్పుడు బ్యాంకు లోను ఒక్కటే అప్పు అనుకోకండి, ఇవన్నీ అదే చదువు ఖాతాలో రాయాలి. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం రాకపోతే అమీర్‌పేటలో కోర్సుకి, హాస్టల్‌కి మళ్లీ పెట్టే డబ్బు కూడా ఈ ఖాతాలోదే, అది ఏ ప్లేస్‌మెంట్ నివేదికలోనూ కనిపించదు. అంతకు ముందు క్యాంపస్‌లోనే సీఆర్‌టీ, అంటే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలకి ఇచ్చే ట్రైనింగ్ పేరుతో కట్టించుకున్నది సరేసరి.

ప్రభుత్వ సాయం ఒకటుంది, పీఎం విద్యాలక్ష్మి, 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. తాకట్టు, గ్యారంటీ లేకుండా లోను, ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకి పది లక్షల దాకా అప్పు మీద మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ. మెలిక ఏమిటంటే ఇది జాబితాలో ఉన్న సంస్థలకే, మొదట్లో 860 ఉన్నాయి, ఆ జాబితా ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకులని బట్టి ఏటా మారుతుంది. మీరు చూస్తున్న యూనివర్సిటీ అందులో ఉందో లేదో సీటు తీసుకునే ముందు చూసుకోవాలి.

ఒకే డిగ్రీ, రెండింతల ఫీజు

అఫిలియేటెడ్ ఇంజినీరింగ్ కాలేజీల ఫీజుల్ని రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ కమిటీలు నిర్ణయిస్తాయి. ప్రైవేటు యూనివర్సిటీల దారి వేరు. ఏపీలో 2016 చట్టం, తెలంగాణలో 2018 చట్టం కింద వచ్చినవి, వాటికి ముందే డీమ్డ్ హోదా (యూనివర్సిటీతో సమానమన్న కేంద్ర గుర్తింపు) తెచ్చుకున్నవి, ఇవన్నీ ఫీజు చాలావరకు తామే పెట్టుకుంటాయి. ఏపీలో కన్వీనర్ కోటా కింద, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే 35 శాతం సీట్ల సంగతి వేరు. కొన్నిచోట్ల ఎంట్రన్స్ ర్యాంకుని బట్టి ఫీజు కేటగిరీలుంటాయి. విట్ యూనివర్సిటీలో ఇలాంటివి ఐదున్నాయి, ఒకే బ్రాంచిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో మొదటి కేటగిరీవాడు కట్టేదానికి ఐదో కేటగిరీవాడు దాదాపు రెట్టింపు కడతాడు. ఇద్దరికీ ఇచ్చే డిగ్రీ ఒకటే, వచ్చే కంపెనీలూ ఒకటే.

ఇక్కడే నాకు అన్యాయంగా అనిపించే విషయం ఒకటుంది. మంచి ర్యాంకువాడికి ఫీజు తక్కువ, ఉద్యోగం వచ్చే అవకాశం ఎక్కువ. ర్యాంకు రానివాడికి ఫీజు ఎక్కువ, అవకాశం తక్కువ. యూనివర్సిటీ చూపించే మీడియన్ ఇద్దరినీ కలిపింది. కాబట్టి ఐదో కేటగిరీలో సీటు తీసుకుంటున్నవాళ్లు ఆ మీడియన్‌ని తమదిగా లెక్కేసుకోవడానికి లేదు. పైగా ఆ మంచి ర్యాంకువాడు స్కాలర్‌షిప్‌తో ఇక్కడ కాకుండా ఏ జేఎన్‌టీయూలోనో చదివినా అంతే ఉద్యోగం తెచ్చుకునేవాడేమో. ఫ్లెక్సీ మీది 52 లక్షల్లో యూనివర్సిటీ చలవ ఎంత, ఆ అమ్మాయి బుర్ర ఎంత అన్నది ఏ మీడియనూ చెప్పదు.

మీడియన్‌తో ఇంకో తలనొప్పి, అది పాతది. ఎన్ఐఆర్‌ఎఫ్ 2025 షీటులో ఆఖరి బ్యాచ్ 2024లో పాసైనవాళ్లు, అంటే 2020లో చేరినవాళ్లు. 2026లో చేరేవాళ్లు బయటికొచ్చేది 2030లో. మధ్యలో ఎన్ని మారతాయో ఐటీ కొలువులు చూస్తే తెలుస్తుంది. 2021-22లో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది ఫ్రెషర్లని తీసుకుంది. 2023-24లో అదే కంపెనీ మొత్తం ఉద్యోగుల సంఖ్య 13 వేలకి పైగా తగ్గింది. రెండేళ్ల తేడా, అంతే. ఇటు సీట్లు చూస్తే, ఒక బ్రాంచిలో కాలేజీ ఎన్ని సీట్లు పెట్టుకోవచ్చన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది, ఆ తర్వాత సీఎస్ఈ, ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్ పేర్లతో సెక్షన్ల మీద సెక్షన్లు పెరిగాయి. ఆరు వందల మంది సీఎస్ఈ బ్యాచ్‌కి వచ్చిన మీడియన్ పద్దెనిమిది వందల మంది బ్యాచ్‌కి కూడా వస్తుందని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. సివిల్, మెకానికల్ పిల్లల లెక్క కూడా ఇదే షీటులో కలిసిపోతుంది, బ్రాంచీల వారీగా విడిగా ఇవ్వాలన్న నిబంధన లేదు.

అమెరికాలో ఎలా చేశారు, అక్కడా ఏం తప్పిపోయింది

ఈ మూడు బీరువాలనీ కలిపిన దేశం ఒకటుంది. అమెరికా విద్యాశాఖ 2015 సెప్టెంబరులో కాలేజ్ స్కోర్‌కార్డ్ అని మొదలుపెట్టింది. ఎవరైనా ఒక యూనివర్సిటీ పేరు కొట్టి చూసుకోవచ్చు: ఆ యూనివర్సిటీలో చేరిన పదేళ్లకి మీడియన్ సంపాదన ఎంత, ఫెడరల్ అప్పు మీడియన్ ఎంత, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారు. సంపాదన లెక్క యూనివర్సిటీ చెప్పేది కాదు, ట్యాక్స్ రికార్డుల నుంచి తీసింది. అప్పు లెక్క ప్రభుత్వం తన లోన్ ఖాతాల నుంచి తీసింది. యూనివర్సిటీకి అందులో వేలు పెట్టే వీలే లేదు. ఆ తర్వాత కోర్సుల వారీగా కూడా ఇవ్వడం మొదలుపెట్టారు, దాంతో అసలు కథ బయటపడింది. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లకీ డ్రామా చదివినవాళ్లకీ ఉన్న తేడా ముందు, ఒక యూనివర్సిటీకీ ఇంకో యూనివర్సిటీకీ మధ్య తేడా చాలాసార్లు చిన్నబోతుంది.

కొలంబియా యూనివర్సిటీ ప్రపంచంలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ. 2021 జులైలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఈ ప్రభుత్వ లెక్కలతోనే ఒక కథనం వేసింది. అక్కడ ఫెడరల్ అప్పు తీసుకుని ఫిల్మ్ కోర్సులో మాస్టర్స్ చేసినవాళ్ల మీడియన్ అప్పు 1,81,000 డాలర్లు. పాసైన రెండేళ్లకి వాళ్లలో సగంమంది సంపాదన ఏడాదికి 30,000 డాలర్లు కూడా లేదు. అంత అప్పు ఎలా ఇచ్చారంటే, గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోనుకి యూనివర్సిటీ చెప్పిన ఖర్చే పరిమితి. యూనివర్సిటీ ఫీజు పెంచితే లోనూ పెరుగుతుంది, ఇక యూనివర్సిటీ ఫీజు తగ్గించాల్సిన అవసరమేముంది? 2025 జులైలో చేసిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ ఉండదు, మాస్టర్స్‌కి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లు దాటకూడదు. పైగా ఒక కోర్సు చదివినవాళ్ల మీడియన్ సంపాదన, ఆ కోర్సు చదవనివాళ్ల సంపాదన కంటే తక్కువగా మూడేళ్లలో రెండేళ్లు ఉంటే ఆ కోర్సుకి ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. డిగ్రీని ఇంటర్ స్థాయి చదువుతో, మాస్టర్స్‌ని డిగ్రీతో పోలుస్తారు.

అయితే మన పిల్లలు ఎంఎస్‌కి వెళ్లేటప్పుడు ఈ స్కోర్‌కార్డ్ చూసి మురిసిపోతే మోసపోతారు. అందులోని సంపాదన, అప్పు లెక్కలన్నీ ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులవే. విదేశీ విద్యార్థులకి ఆ సాయమే లేదు కాబట్టి హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్లినవాళ్లు అందులో ఒక్కరూ లేరు. 2024-25లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,63,019 మంది ఉన్నారు, అందరికంటే ఎక్కువ మనవాళ్లే, అయినా మన సంపాదన మాత్రం ఆ మీడియన్‌లో లేదు. అక్కడివాళ్ల జీతానికి వీసాతో పని లేదు. మనవాళ్లకి ఓపీటీ (చదువయ్యాక అక్కడే పనిచేసుకునే అనుమతి) ఏడాది, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల) కోర్సు అయితే ఇంకో రెండేళ్లు, ఈ లోపు ఉద్యోగ వీసా కోసం హెచ్-1బి లాటరీ తగలాలి. తగలకపోతే జీతం డాలర్ల నుంచి రూపాయల్లోకి దిగిపోతుంది, అప్పు దిగదు. 40 లక్షల లోనుకి 11 శాతం చొప్పున పదేళ్ల ఈఎంఐ, చదివేటప్పటి వడ్డీ కలపకుండానే 55,000. అక్కడ ఏడాదికి 80 వేల డాలర్ల ఉద్యోగంలో అది లెక్కలోకి రాదు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఎనిమిది లక్షల ప్యాకేజీలో చేరితే నెల జీతం దాదాపు మొత్తం దానికే.

మన ప్రభుత్వాలు తలుచుకుంటే

ఇక్కడ ఇది అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం లక్షలమంది ఫీజు కడుతోంది, బకాయిల గొడవ సంగతి పక్కన పెడితే ఏ పిల్లాడు ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఉన్నాడో ఆధార్‌తో సహా దాని దగ్గరుంది. ఉద్యోగంలో చేరగానే పీఎఫ్ ఖాతా నంబరు పుడుతుంది, అదీ ఆధార్‌కి ముడిపడిందే. పేర్లు తీసేసి ఈ రెండూ కలిపితే కాలేజీల వారీగా, బ్రాంచీల వారీగా మీడియన్ జీతం పక్కాగా తేలుతుంది. ప్రజల డబ్బు పోసిన చోట ఏం పండిందో చెప్పమనడం పెద్ద కోరికేమీ కాదు. కాలేజీల యాజమాన్యాల్లో ఎందరు రాజకీయ నాయకులున్నారో చూస్తే ఇది ఎందుకు జరగడం లేదో అర్థమవుతుందని నా అభిప్రాయం.

అందాకా మనం చేయగలిగింది వేళ చూసుకోవడం. ప్రైవేటు యూనివర్సిటీలు సొంత ఎంట్రన్స్‌లు పెట్టి, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలవ్వకముందే సీటు బ్లాక్ చేసుకోమని డబ్బు కట్టించుకుంటాయి. "ఈ నెలాఖరు దాటితే సీఎస్ఈ ఉండదు సర్" అని రోజుకో ఫోను. ఒకసారి లక్షో రెండు లక్షలో కట్టాక, జులైలో కన్వీనర్ కోటాలో మంచి కాలేజీ వచ్చినా "కట్టిన డబ్బు పోతుందేమో" అని చాలామంది ఆగిపోతారు. పోనక్కర్లేదు. యూజీసీ ఏటా ఫీజు వాపసు గడువులు ప్రకటిస్తుంది, అవి ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలకీ వర్తిస్తాయి. 2024-25కి చూస్తే సెప్టెంబరు 30 లోపు మానుకున్నవాళ్లకి పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపు మానుకున్నవాళ్లకి వెయ్యి రూపాయలకి మించకుండా కోసుకుని మిగతాదంతా ఇచ్చేయాలి. మీరు చేరే ఏడాది గడువు ఎప్పుడో యూజీసీ నోటీసులో చూసుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగి వచ్చేయకుండా మానుకుంటున్నామని ఈమెయిల్ పెట్టండి, ఫీజు రసీదు జత చేయండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అదే మెయిల్‌లో అడగండి, వాటిని అట్టిపెట్టుకునే హక్కు వాళ్లకి లేదు. జవాబు రాకపోతే అదే మెయిల్ కాపీతో యూజీసీకి ఫిర్యాదు చేయొచ్చు.